సాహస క్రీడలు – తెర వెనుక తాడు



నేటి నా ప్రసంగ విషయము మీకు వింతగా తోచవచ్చును. చిన్ననాడు గురువుల కడ బాలవ్యాకరణము వల్లించి, ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన నాబోటివాడు టెలివిజన్ ఆటలను గూర్చి మాట్లాడుట యేమని మీరు అనుకొందురేమో! కాని ఈ ప్రసంగమునకు కారణము మా యింటిలోనే పుట్టినది.

గడచిన వేసవిలో మా మనుమడు సెలవులకు మా యూరికి వచ్చెను. వానికి పండ్రెండేండ్లు. ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట ఇంటిల్లిపాదియు టెలివిజన్ యెదుట కూర్చుంటిమి. అందులో నొక యువతి రెండు ఎత్తైన స్తంభముల నడుమ కట్టిన తాటిపై నడచుచుండెను. క్రింద చెఱువువలె నీరు. సగము దూరము పోయి, కాలు జారి, ఆమె నీటిలో పడెను. పడి నవ్వుచు లేచెను. మా వాడు కన్నార్పక చూచెను.

మరునాటి మధ్యాహ్నము పెద్దలమందరము కునుకు తీయువేళ వాడును, ఇరుగుపొరుగు పిల్లలు నలుగురును కలిసి పొలములోని పాత మోటబావికి పోయిరి. ఈ గట్టున వేపచెట్టునకును, ఆ గట్టున రాతికంబమునకును ఒక మోకు కట్టిరి. ఆ మోకు పదియేండ్లుగా పశువుల కొట్టము చూరున ఎండకు ఎండి వానకు నానుచున్నది. మా వాడు దానిని పట్టుకొని వ్రేలాడుచు నడిబావికి చేరునప్పటికి అది పుటుక్కున తెగెను. బావిలో రెండు నిలువుల నీరు. వానికి ఈత రాదు. దగ్గరలో గొఱ్ఱెలు మేపుచున్న ఒక పుణ్యాత్ముడు కేకలు విని పరుగెత్తి వచ్చి దూకి తీయకపోయినచో నేను నేడు ఈ ప్రసంగము చేయువాడను కాను. పడుటలో గోడరాయి తగిలి వాని మోచేయి విరిగెను.

చేతికి కట్టు కట్టించుకొని వచ్చిన పిదప వానిని చేరదీసి, “ఎందుకిట్లు చేసితివిరా?” అని అడిగితిని. వాడు వెక్కుచు, “టీవీల ఆమె గూడ పడ్డది గద తాతా! ఆమెకేం గాలె. మేం గూడ అట్లనే జేసినం” అనెను.

నాకు మారుమాట తోచలేదు. అదంతయు అబద్ధమని చెప్పుదునా? ఆమె పడుట నేనును చూచితిని. నిజమని చెప్పుదునా? అట్లయినచో వాని మోచేయి ఏల విరుగవలెను? ఆ సాయంకాలము రచ్చకట్టపై ఇదే ముచ్చట. “ఆ ఆటలన్నియు బూటకములు, కట్టుకథలు” అని ఒకరనిరి. “కండ్లకు కనబడుచుండగా బూటకమెట్లగును?” అని మఱియొకరనిరి. ఇద్దరి మాటయు నాకు సరిపడలేదు. నాటినుండి ఆ ఆటలు ఎట్లు తయారగునో చదివియు, తెలిసినవారి నడిగియు కొంత గ్రహించితిని. అందలి సారమును మీకు విన్నవించెదను.

సాహసమును పదిమంది చూచునట్లు ఆటగా ఏర్పరచుట క్రొత్త సంగతి కాదు. ద్రౌపదీ స్వయంవరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ద్రుపదుడు వంచుటకు మిక్కిలి కష్టమైన వింటిని చేయించెను; ఆకాశమున నొక యంత్రమును నిలిపించెను; దానిపైన లక్ష్యమును పెట్టించెను. ధృష్టద్యుమ్నుడు సభలో నిలిచి, “ఇది విల్లు, ఇవి బాణములు, అది లక్ష్యము, యంత్రరంధ్రము గుండ అయిదు బాణములతో కొట్టవలెను” అని నియమములు చాటెను. నేటి ఆటలలో నియమములు చదువు వ్యాఖ్యాత చేయు పనియు నదియే. పరీక్ష, నియమము, బహుమానము, చూచువారు – ఈ నాలుగును నాడే కలవు. అర్జునుని పేరు మనకందరకు తెలియును. కాని ఆ యంత్రమును చేసిన శిల్పి పేరు ఎవరికి తెలియును? ఆ వింటిని ఎన్నిమార్లు వంచి చూచి తగినదని నిశ్చయించిరో ఎవరు చెప్పిరి? నేటి ఆటలలోను అంతే. ఆడువాడు కనబడును, ఆటను కట్టినవాడు కనబడడు. నా ప్రసంగమంతయు ఆ కనబడనివాని గూర్చియే.

ఇట్టి ఆటలలో లోకమెల్ల పేరుపొందినది ఫ్రాన్సు దేశపు ‘ఫోర్ట్ బొయార్’. అది ఒక కోట పేరు. మన గద్వాల కోటను మీరందరు చూచియుందురు. సోమనాద్రి యని జనులు పిలుచు పెద సోమభూపాలుడు కట్టించిన ఆ మట్టికోటలో నేడు చెన్నకేశవస్వామి గుడి యున్నది, కళాశాల యున్నది. ఊరు దానిని చుట్టుకొని యున్నది. ఫోర్ట్ బొయార్ అట్టిది కాదు, నడిసముద్రమున నున్నది. ఫ్రాన్సు పడమటి తీరమున రెండు ద్వీపముల నడుమ ఇసుకమేటపై రాళ్లు పోసి దానిని కట్టిరి. 1801లో పని మొదలుపెట్టి, నడుమ ఏండ్ల తరబడి ఆపి, 1857లో ముగించిరి. పొడవు 61 మీటర్లు, వెడల్పు 31 మీటర్లు, గోడల ఎత్తు 20 మీటర్లు. కట్టుట ముగియునప్పటికి ఫిరంగుల గుండ్లు మునుపటికంటె ఎక్కువ దూరము పోవుచుండుట చేత ఆ కోటతో అక్కఱ లేకపోయెను! కొంతకాలము చెఱసాలగా వాడిరి. పిమ్మట సముద్రపక్షులకు విడిచిపెట్టిరి. జాక్ ఆంత్వాన్ అను ఆయన కల్పించిన ఆటను 1990 జూలై 7వ తేదీన అచ్చటినుండి మొదటిసారి ప్రసారము చేసిరి.

ఆట యిది. కొందరు జట్టుగా కోటలో ప్రవేశింతురు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పరీక్ష. గెలిచినచో తాళపుచెవి దొరకును. నీటిగడియారములో నీరు కారిపోవులోపల బయటికి రాకున్నచో ఆ గదిలోనే బందీయగును. కోట బురుజుపై తెల్లగడ్డపు వృద్ధుడొకడు కూర్చుండి పొడుపుకథలు వేయును. తుదకు ధనాగారము. మునుపు పులుల కాపరి వచ్చి అందలి పులులను తప్పించిన పిమ్మట జట్టువారు లోనికి పోయెడివారు; నేలపై చెక్కిన అక్షరములపై నిలిచి రహస్యపదమును కూర్చవలెను. పదము సరియైనచో బంగారు నాణెములు రాలును. మన కాశీమజిలీ కథలు విని పెరిగినవారికి ఇందులో పరాయితనమేమియు తోచదు.

ఇక తెర వెనుకకు పోదము. ఆ కోటను ఆటకు సిద్ధము చేయువారికి మొదట ఎదురైన సాహసమేమనుకొనిరి? పక్షుల రెట్టను ఎత్తిపోయుట! ఏండ్ల తరబడి గదులనిండ పేరుకొనిన ఆ మెత్తను త్రవ్వి తీసిన పిదపగాని పని మొదలు కాలేదు. కోటకు పడవ చేరుటకు రేవు లేదు. కావున ప్రక్కనే సముద్రములో ఇనుప స్తంభములపై ఒక వేదిక కట్టిరి. మనుష్యులు, సామాను, భోజనము, త్రాగునీరు – సమస్తమును దాని మీదుగా లోనికి చేరవలెను. అలలు పెరిగిననాడు పని కష్టము. ఇంత శ్రమపడి సిద్ధపరచిన దానిని ఒక్క దేశమునకే వాడుట నష్టమని గ్రహించి, ఇతర దేశములవారిని గూడ అచ్చటికే రప్పించిరి. అవే గదులు, అవే పరీక్షలు. ఒక దేశపు జట్టు పోగానే మఱియొక దేశపు జట్టు. ముప్పదికి పైగా దేశములవారు ఆ ఆటను తమ తమ రీతుల చూపించిరి. జాతర ముగిసిన మఱునాడే గుడారము విప్పి ఇంకొక ఊరికి పోవు నాటక సమాజమును చూచితిరి గదా? ఇచ్చట గుడారము కదలదు, సమాజములే మారుచుండును.

పులుల మాట వచ్చినది కావున ఒక సంగతి. మన నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అభయారణ్యమున, నల్లమల కొండలలో పులులున్నవి. అవి అడవి పులులు. కోటలో చూపినవి మనుష్యుల చేతులలో పెరిగి, కాపరి పిలుపునకు అలవాటుపడినవి. ఆటగాండ్రు లోనికి పోవునప్పటికి వాటిని బోనులోనికి తప్పించియే యుండెడివారు. భయము చూచువానికి, తాళము కాపరి చేతిలో.

మన దేశమున ఇట్టి ఆటలకు పేరు తెచ్చినది ‘ఖత్రోం కే ఖిలాడీ’ యను హిందీ కార్యక్రమము. అమెరికావారి ‘ఫియర్ ఫ్యాక్టర్’ అను ఆట ననుసరించి 2008లో దీనిని మొదలుపెట్టిరి. అక్షయ్ కుమార్ నడిపెను. 2021 నుండి 2023 వఱకు మూడేండ్లును దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరమున చిత్రించిరి. తెలుగున ఓంకార్ నడిపిన ‘మాయాద్వీపం’ పిల్లలకై ఏర్పరచిన సాహసపు ఆట. 2017లో తెలుగునకు వచ్చిన ‘బిగ్ బాస్’ సాహసము కంటె సహనమునకు పరీక్ష యనవచ్చును. దాని యింటిని మొదటి సంవత్సరము మహారాష్ట్రములోని లోనావలాలో కట్టిరి. 2018 నుండి హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోలో కట్టిరి. ఆ యింటి గోడలకు పెద్ద పెద్ద అద్దములుండును. లోపలివారికి అందులో తమ ముఖము కనబడును. అద్దము వెనుక చీకటి నడవాలో కెమెరా పట్టుకొని నిలిచినవానికి లోపలి వారందరు కనబడుదురు. వాడు దగ్గరాదు, తుమ్మరాదు. గంటల తరబడి నిలువవలెను. ఇంటిలోనివారి ఓర్పును మెచ్చుకొందుము. అద్దము వెనుకవాని ఓర్పును తలపము.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఒక పరీక్షను ఎట్లు తయారుచేయుదురు?

మొదట ఊహ. తాటిపై నడచి నది దాటవలెననియో, నీటి అడుగున తాళము తెఱచుకొని బయటపడవలెననియో ఒకడు చెప్పును. వెంటనే ఇంకొకడు అడుగును: “పడినచో?” ఈ రెండవవాడే ముఖ్యుడు. ఎంత ఎత్తు, ఎంత లోతు, అడుగున రాయి యున్నదా, గాలి ఎటునుండి వీచును, ఆడువాని బరువెంత, తాడు ఎంత బరువు మోయును, అది తెగినచో రెండవ తాడున్నదా, కొక్కెము విడిపోయినచో రెండవ కొక్కెమున్నదా – ఇట్లు ఒక్కొక్కటియు లెక్కవేసి వ్రాయుదురు. ఆడువాని నడుమునకును తొడలకును గట్టి పట్టీలు బిగింతురు. ఆ పట్టీలకు మరమూత గల ఉక్కు కొక్కెము తగిలించి, దానిని పై తాటికి కలుపుదురు. నీటి పరీక్షయైనచో గాలిసీసాలు కట్టుకొన్న ఈతగాండ్రు నీటి అడుగున, కెమెరాకు కనబడని మూల, సిద్ధముగా నుందురు. గట్టున వైద్యుడును, మందులబండియు నుండును.

రెండవది, ముందుగా ఆడి చూచుట. స్వీడన్ దేశమున 1997లో మొదలైన ఒక ద్వీపవాసపు ఆటను అమెరికావారు ‘సర్వైవర్’ అను పేర 2000లో తమ దేశమునకు తెచ్చుకొనిరి. మొదటి ఆటలో పదునాఱుగురను బోర్నియో సమీపమునగల ద్వీపమున దింపి, 39 దినములు ఉంచిరి. ఆ ఆటకు పని చేయువారిలో ఒక యువకుల బృందముండును. అసలు ఆటగాండ్రు రాకముందే ప్రతి పరీక్షను ఈ బృందము చేత ఆడింతురు. ఎక్కడ కాలు జారునో, ఎంతసేపు పట్టునో, ఏది మితిమీరిన కష్టమో వారివలన తెలియును. దానినిబట్టి కొయ్య ఎత్తు తగ్గింతురు, ముడి మార్చుదురు. కెమెరాలు ఎచ్చట నిలుపవలెనో నిర్ణయింతురు. ఈ బృందము ఆడినది ఎన్నడును ప్రసారము కాదు. వారికి బహుమానము లేదు, కూలి మాత్రమే. మొదట జారిపడినవారు వారు. మనము చూచునది రెండవ పాటు.

మూడవది, ఆడువారి ఎంపిక. ధైర్యవంతుడైనంత మాత్రమున చాలదు. గుండె, ఊపిరి, ఎముకలు వైద్యులు పరీక్షింతురు. మనస్సు నిబ్బరమును గూడ పరీక్షింతురు. పిదప ఒడంబడికలు వ్రాసి చేవ్రాలు తీసికొందురు.

నాలుగవది, చిత్రించుట. ఒక్క చేయి కొయ్యను పట్టుకొనుట చూపుటకు ఒక కెమెరా, ముఖము చూపుటకు ఒకటి, దూరమునుండి కొండంతయు చూపుటకు ఇంకొకటి. ఆడువారు ఎండలో గంటలకొలది కాచుకొని కూర్చుండుటయే ఎక్కువ. ఆడునది కొద్ది నిమిషములు. ‘సర్వైవర్’ మొదటి ఆటనే లెక్కింపుడు. 39 దినములను 13 భాగములుగా చూపిరి. అనగా భాగమునకు మూడు దినములు, డెబ్బదిరెండు గంటలు. ప్రకటనలు పోగా మనకు చూపునది ముప్పాతిక గంటకు లోపు. మిగిలినదంతయు చూచి, ఏరి, తీసివేసి, మిగిల్చినదానిని వరుస పెట్టువారు కూర్పరులు. ధాన్యమును చెఱుగు ఇల్లాలు చేటతో ఏమి చేయునో వారును అదియే చేయుదురు. భేదమొక్కటి: ఆమె తాలును పాఱవేయును, వీరు చప్పగానున్న సత్యమును గూడ పాఱవేయుదురు.

ఈ కూర్పులోని మర్మములు కొన్ని తెలిసినచో చూచువాని కన్ను తెరచుకొనును. నీటిలో నుండగానే “ఇప్పుడు నాకు భయము వేయుచున్నది” అని ఆటగాడు చెప్పుచున్నట్లు వినబడును. వెంటనే అతడు పొడి బట్టలతో, దువ్వినజుట్టుతో కుర్చీలో కూర్చుండి కనబడును. ఆ మాటలు ఆట ముగిసిన పిదప చెప్పించినవి. గుండె దడదడలాడించు చప్పుడు ఆ స్థలమున లేదు. హరికథలో మృదంగమువలె తరువాత చేర్చినది. నా మాటపై నమ్మకము లేనిచో ఒకమారు టెలివిజన్ గొంతు నొక్కి, బొమ్మను మాత్రము చూడుడు. భయము సగమునకు సగము తగ్గును. మా మనుమనికి నేను మొదట నేర్పిన పాఠమిదియే. వాడు చూచి, “ఇంతేనా తాతా!” అనెను.

అట్లయినచో అంతయు మోసమేయని చెప్పవచ్చునా? ఇచ్చట వివేచన కావలెను. 2001లో ‘సర్వైవర్’ నిర్మాత మార్క్ బర్నెట్ తాను కొన్ని దృశ్యములను వేఱు మనుష్యులతో మరల చిత్రించితినని ఒప్పుకొనెను. ఆకాశమునుండి చూపుటకు అట్లు చేయవలసి వచ్చినదనియు, గెలుపోటములు మారలేదనియు చెప్పెను. ఇది అలంకారము, కొందరకు నచ్చును, కొందరకు నచ్చదు. కాని ఫలితమునే ముందుగా నిర్ణయించినచో అది అలంకారము కాదు, వంచన. అట్టి వంచనయు జరిగినది. అమెరికాలో ‘ట్వంటీ వన్’ అను ప్రశ్నోత్తరముల పోటీలో చార్లెస్ వాన్ డోరెన్ అను విశ్వవిద్యాలయ బోధకుడు గెలిచి దేశమంతట పేరుపొందెను. 1959లో అతడే తమ శాసనసభ ఉపసంఘము ఎదుట, ప్రశ్నలును జవాబులును తనకు ముందే చెప్పిరని ఒప్పుకొనెను. 1960లో అట్టి మోసము నేరమని అచ్చట చట్టము చేసిరి. అతడును నావలె బోధకుడే యగుట చేత ఆ కథ చదివినప్పుడు నాకు సిగ్గు కలిగినది. ద్రుపదుడు యంత్రమును ఎంతగా అలంకరించినను తప్పులేదు. ఒకని బాణము తగులునట్లు చాటున దారము లాగించియుండినచో అది స్వయంవరము కాదు. మనము పట్టుకొనవలసిన గీటు ఇది.

కావున రచ్చకట్టపై నా మిత్రులకు నేను చెప్పు జవాబిది. ఆ యువతి పడుట నిజము. ఆమె భయము నిజము. ఆమె ధైర్యమును నిజమే. కాని పడినపిదప ఏమి కావలెనో పదిమంది ముందుగా ఆలోచించి ఏర్పాటు చేసిరి. మనకు పడుటను చూపిరి, ఏర్పాటును చూపలేదు. చూపినచో ఆటలో పస తగ్గునని వారి భయము. చూపకున్నచో పిల్లవాడు ఏమి నేర్చుకొనును? పడినను ఏమియు కాదని నేర్చుకొనును. మా వాడు నేర్చుకొన్నది అదియే. వాడు తాటిని చూచెను. తాటిని పరీక్షించినవానిని చూడలేదు.

ఇంత ఏర్పాటున్నను అపాయము తొలగిపోదని గూడ చెప్పవలెను. ‘సర్వైవర్’ వంటిదే ఫ్రాన్సులో ‘కో లాంతా’. 2013 మార్చి నెలలో దానిని కంబోడియాలో చిత్రింపబోగా మొదటి దినముననే ఇరువదియైదేండ్ల యువకుడొకడు గుండె ఆగి మరణించెను. ఆ యేటి ఆటను మానివేసిరి. 2015 మార్చి 9వ తేదీన అర్జెంటీనా దేశమున మఱియొక ఫ్రెంచి సాహస క్రీడకై ఎగిరిన రెండు హెలికాప్టర్లు గాలిలో ఢీకొని పదిమంది చనిపోయిరి. వారిలో 2012 ఒలింపిక్ పోటీలలో బంగారు పతకము గెలిచిన ఈతగత్తె కమీల్ మ్యూఫా ఒకతె. నీటిని జయించిన ఆమెను గాలి హరించెను. వైద్యులు, నిపుణులు, ధనము సమస్తము గల చోటనే ఇట్లు జరుగునప్పుడు, చూరున చెదలు తిన్న మోకును నమ్ముకొన్న మన పిల్లల గతి యేమి?

మన ప్రాంతము నీటిప్రాంతము కూడ. గద్వాల ప్రక్కన జూరాల ఆనకట్ట యున్నది. బీచుపల్లి కడ కృష్ణ పాఱుచున్నది. కొల్లాపురము సీమలో సోమశిల కడ శ్రీశైలము నీరు సముద్రమువలె నిలిచియున్నది. బావులు, కుంటలు, చెఱువులు చెప్పనక్కఱలేదు. వేసవి వచ్చిన ప్రతిమారు నీటిలో పడి పోయిన బిడ్డల వార్త మన చెవిని పడుచునే యున్నది. నేడు చేతిలోని ఫోనులో ప్రతి బాలుడును కెమెరా గలవాడే. దూకువాడొకడు, చిత్రించువాడొకడు, “పడినచో?” అని అడుగువాడు మాత్రము లేడు.

ఆ అడుగువాడు పూర్వము మన పల్లెలలో ఉండెడివాడు. మనమెట్లు ఈత నేర్చితిమి? మునగబెండ్లో, ఎండిన సొరకాయబుఱ్ఱయో వీపునకు కట్టి, నడుమునకు తాడు బిగించి, తండ్రియో మేనమామయో బావిమెట్టుపై నిలిచి తాడు పట్టుకొనెడివాడు. మనము కాళ్లు కొట్టుకొనుచు ఏడ్చెడివారము. పైనుండి నవ్వు వినబడెడిది. ఆ నవ్వు ఎంత క్రూరముగా తోచినను, తాడు మాత్రము వదులు కాలేదు. మన దొమ్మరి ఆట చూడుడు. గడపై పిల్ల ఆడుచుండగా జనులు ఆ పిల్లనే చూతురు. క్రింద డోలు వాయించు తండ్రి మాత్రము జనులను చూడడు. అతని కన్ను గడ నుండి తొలగదు. నల్లమల చెంచుల సంగతి వినియే యుందురు. కొండచఱియలకు పట్టిన తేనెపట్టును తీయుటకు ఒకడు తాటిపై లోయలోనికి దిగును. పైన తాడు పట్టుకొనువాడు అతని బావమఱది కావలెనని చెప్పుదురు. ఏలన, తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాటికి కట్టియుండగా అతడు ఏమరడు. విదేశములవారు కాగితములపై లెక్కలు వేసి, రెండు కొక్కెములు తగిలించి చేయు పనిని చెంచువారు చుట్టఱికముతో చేసిరి. రెండింటి సారము నొక్కటియే: తెగించువానికి వెనుక తెగువలేని ఒకడు ఉండవలెను, అతడు భయస్థుడు, జాగ్రత్తగలవాడు, తాడు వదలనివాడు కావలెను.

పెద్దలారా, మీకు నా మనవి యిది. ఈ ఆటలను పిల్లలు చూడరాదని ఆజ్ఞాపింపకుడు. ఆజ్ఞ చాటుమాటు చూపులకు దారితీయును. వారి ప్రక్కన కూర్చుండి మీరును చూడుడు. ఎవడైనను దూకినప్పుడు, “తాడు ఎవరు పట్టినారురా?” అని అడుగుడు. పిల్లలు వెదకుటకు మొదలుపెట్టుదురు. నడుమునకున్న పట్టీని చూతురు. నీటిలో తేలియాడు పడవను కనిపెట్టుదురు. మూలనున్న మందులబండిని పోల్చుదురు. ఆట మఱింత రుచించును గాని తగ్గదు. రెండవ మనవి. మీ యూరి బావులలో నీరున్నప్పుడే, మీ కాళ్లలో సత్తువ యున్నప్పుడే, మీ బిడ్డలకు ఈత నేర్పుడు. ఆడపిల్లలను విడువకుడు. పనికిరాని మోకులను చూరునుండి దించి పొయ్యిలో పెట్టుడు.

మా మనుమని కట్టు విప్పిరి, మోచేయి చక్కబడినది. దసరాకు వచ్చినప్పుడు అదే బావికి వానిని నేనే తీసికొనిపోయితిని. ఇంటిలోని ఆడువారు వలదని మొత్తుకొనిరి. వాని వీపునకు బెండ్లు కట్టి, నడుమునకు క్రొత్త తాడు బిగించితిని. నాడు వానిని కాపాడిన గొఱ్ఱెలకాపరిని పిలిపించితిని. ఆయన బావిలో దిగి నిలిచెను. నేను మెట్టుపై కూర్చుండి తాడు పట్టుకొంటిని. వాడు దిగుటకు ముందు వెనుదిరిగి తాటిని ఒకమారు లాగి చూచి, నా ముఖము వంక చూచి, “పట్టుకున్నవా తాతా?” అని అడిగెను. పట్టుకొంటినని చెప్పితిని. అప్పుడు దూకెను.